చేయి విడువని చెలిమి



శ్రీమద్భాగవతం దశమస్కంధంలోని కుచేలోపాఖ్యానం మనందరికీ తెలిసినదే. ఆ కథ అనగానే మనకు గుప్పెడు అటుకులు జ్ఞాపకం వస్తాయి. కాని ఆ కథలో ఒక వానరాత్రి కూడా ఉన్నది. ద్వారకలో తన పాన్పుపై బాల్యమిత్రుని కూర్చుండబెట్టి, శ్రీకృష్ణుడు గుర్తు చేసినది ఆ రాత్రినే. సాందీపని ఆశ్రమంలో చదువుకొనే రోజులలో గురుపత్ని పంపగా వారిద్దరూ కట్టెల కోసం అడవికి వెళ్ళినారు. అకాలంగా గాలివాన వచ్చినది. ప్రొద్దు గ్రుంకినది. మిట్టా పల్లమూ తెలియకుండా నీరు పొంగినది. ఆ చీకటిలో ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకొని తెల్లవారేవరకు తిరిగినారు. సూర్యోదయవేళ గురువే వెదకుకొంటూ వచ్చి వారిని ఆశీర్వదించినాడు.

లోకాలనేలే స్వామి జ్ఞాపకం ఉంచుకొన్నది తన విజయాలను కాదు, చీకటిలో తన చేతిలో ఉన్న మిత్రుని చేతిని. బాల్యస్నేహానికి ఇంతకన్న గొప్ప నిర్వచనం లేదు.

ఆశ్రమం అనే మాట మన ప్రాంతంలో నేటికీ నిత్యవ్యవహారంలో ఉన్నది. భద్రాచలం పరిసరాలలోని దుమ్ముగూడెం, చర్ల, పినపాక, గుండాల వంటి మండలాల గూడేలనుండి ఎందరో పసిపిల్లలు తల్లిదండ్రులను విడిచి ఆశ్రమ పాఠశాలలలో చదువుకొంటున్నారు. వారికి రాత్రివేళ తల్లి లేదు. ప్రక్క పడకలోని మిత్రుడే తల్లి, అతడే తండ్రి. ఆ పిల్లలలో కొందరిని పుట్టుకతో వచ్చిన ఒక వ్యాధి బాధిస్తున్నది. దానిని సికిల్ సెల్ రక్తహీనత అంటారు. కోయ మొదలైన గిరిజన కుటుంబాలలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఇతర కులాలవారికి రాదనీ చెప్పలేము.

ఆరోగ్యవంతుని ఎర్ర రక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉండి, సన్నని నాళాలలో కూడ సులువుగా సాగిపోతుంది. ఈ వ్యాధి ఉన్నవారిలో ఆ కణం కొడవలివలె వంగి గట్టిపడుతుంది. అట్టి కణాలు నాళాలలో చిక్కుకొని రక్తాన్ని అడ్డగిస్తాయి. అప్పుడు ఎముకలలో భరింపరాని నొప్పి పుడుతుంది. మామూలు కణం సుమారు 120 దినాలు జీవిస్తే, ఈ కణం 10 నుండి 20 దినాలలోనే నశిస్తుంది. అందుచేత బిడ్డ నీరసించిపోతాడు, కన్నులు పచ్చబడతాయి. 1910లో అమెరికాలోని షికాగో నగరంలో జేమ్స్ హెరిక్ అనే వైద్యుడు ఈ కణాలను వర్ణించి లోకానికి తెలిపినాడు. ఆ రోగి ఎవరు? గ్రెనడా ద్వీపంనుండి చదువుకొనుటకు వచ్చిన ఒక విద్యార్థి. ఈ వ్యాధి చరిత్రలో మొదటి పుటలోనే, ఇంటికి దూరంగా ఉండి చదువుకొనే ఒక బిడ్డ ఉన్నాడు.

ఇట్టి బిడ్డను చూచి తోటివారు రెండు మాటలు అంటూ ఉంటారు. మొదటిది, "దగ్గరకు పోకు, అంటుకొంటుంది" అని. ఇది అసత్యం. ఈ వ్యాధి ముట్టుకొంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, ప్రక్కన పండుకొంటే రాదు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉన్నప్పుడు, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. కాబట్టి తల్లిని మాత్రమే నిందించుట అన్యాయం.

రెండవ మాట మరింత కఠినమైనది. "పూర్వజన్మ పాపం" అంటారు. అయ్యా, కర్మసిద్ధాంతం మన నడవడిని మనం సరిదిద్దుకొనుటకు పెద్దలు అనుగ్రహించినది. ఎదుటివాని బిడ్డను తూచుటకు ఇచ్చిన తరాజు కాదు. పైగా శాస్త్రజ్ఞులు కనుగొన్న ఒక సత్యాన్ని వినండి. ఆ లక్షణం తల్లినుండిగాని తండ్రినుండిగాని ఒక్కరినుండి మాత్రమే వస్తే, అది మలేరియావల్ల కలిగే ప్రాణాపాయంనుండి బిడ్డను చాలవరకు కాపాడుతుంది. మన్యపు జ్వరాలతో తరతరాలుగా పోరాడిన అడవిబిడ్డల రక్తం ధరించిన కవచమిది. ఆ కవచం రెండు వైపులనుండీ వచ్చి ఒకే బిడ్డపై పడినప్పుడు భారమవుతున్నది. అది పాపఫలం కాదు. ఎందరినో బ్రతికించిన కవచపు బరువును ఆ బిడ్డ ఒక్కడూ మోస్తున్నాడు. అట్టివానిని వెలివేయుట ధర్మమా?

మన స్వామి ఎవరిని వెలివేసినాడు? నిషాదరాజైన గుహుని శ్రీరాముడు గాఢంగా కౌగిలించుకొన్నాడు. ఈ భద్రగిరిపై స్వామి విగ్రహాలు మొదట ఒక గిరిజన భక్తురాలైన పోకల దమ్మక్కకే దర్శనమిచ్చినవని స్థలపురాణం. కంచర్ల గోపన్న ఆలయం కట్టించుటకు ముందే ఆమె తాటాకు పందిరి వేసి పండ్లు నివేదించినదని పెద్దలు చెబుతారు. ద్వారకకు వచ్చిన కుచేలుని దేహం నరాలు తేలి, కృశించి ఉన్నది. అంతఃపుర స్త్రీలు విస్తుపోయినారు. శ్రీకృష్ణుడు మాత్రం ఎదురేగి కౌగిలించుకొని పాదాలు కడిగినాడు. "ఇట్లు చిక్కిపోయితివేమి?" అని పదిమందిలో అడుగలేదు. జాలిపడి దూరంగా కూర్చుండబెట్టలేదు. తనతో సమానంగా పాన్పుపై చోటిచ్చినాడు. స్నేహమంటే సమాసనం.

చిన్నారులారా! మీ తరగతిలో ఇట్టి మిత్రుడుంటే మీరు చేయదగిన సేవ ఉన్నది. శ్రీరామనవమినాటి మన ఎండలు ఎరుగుదురు కదా! దేహంలో నీరు తగ్గితే అతనికి నొప్పి పుడుతుంది. కాబట్టి మీరు త్రాగేటప్పుడెల్లా అతనికీ నీళ్ళివ్వండి. ముక్కోటి ఏకాదశి తెప్పోత్సవపు రోజుల చలి కూడ అతనికి శత్రువే. దుప్పటి సరిగా కప్పండి. పరుగుపందెంలో పట్టుబట్టి పరుగెత్తించవద్దు. అట్లని ఆటనుండి తొలగించవద్దు. లెక్క వ్రాసే పని ఇవ్వండి, తీర్పు చెప్పే పని ఇవ్వండి. బడికి రాలేని దినాన పాఠం వ్రాసి పెట్టండి. జ్వరం వచ్చినా, నొప్పితో మూలిగినా, ఊపిరి ఆయాసమైనా అర్ధరాత్రియైనా సరే, వెంటనే వార్డెనుగారిని లేపండి. ఈ వ్యాధిలో జ్వరాన్ని ఉపేక్షిస్తే ప్రాణానికే ముప్పు. ఆ క్షణాన మేలుకొని ఉన్న మిత్రుడే అతని పాలిటి దైవం.

పెద్దలకు ఒక విన్నపం. తాయెత్తు కట్టించినా, మ్రొక్కు మ్రొక్కినా మంచిదే. కాని ఆసుపత్రికి వెళ్ళుట మానవద్దు. హైడ్రాక్సీయూరియా అనే మందును వైద్యుల పర్యవేక్షణలో వాడితే నొప్పులు చాలమందికి తగ్గుతున్నవి. 2023 జూలై 1న కేంద్రప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలనకై జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించినది. 40 ఏండ్ల లోపు వయసుగల 7 కోట్ల మందికి రక్తపరీక్ష చేయుట, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించుట దాని సంకల్పం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో కూడ ఈ వ్యాధిని చేర్చినారు. పెండ్లిసంబంధం కుదుర్చుకొనే ముందు జాతకాలు చూచినట్లే, ఇరువైపులా రక్తపరీక్ష కూడ చేయించుకొనుట మంచిది.

ప్రభుత్వం మందు ఇవ్వగలదు, వైద్యుడు చికిత్స చేయగలడు. చీకటిలో చేయి పట్టుకొనుట మాత్రం మిత్రుని పని. గోదావరిలో స్నానం చేసి, గిరిపైకి ఎక్కి స్వామిని దర్శించే మనం, మన పిల్లలకు ఆ ఒక్క పని నేర్పితే అది స్వామికి ప్రీతియైన అర్చన అవుతుంది. రోగపీడితులైన బిడ్డలందరికీ ఆయువును, వారి ప్రక్కన నిలిచే బిడ్డలందరికీ స్థిరమైన హృదయాన్ని భద్రాద్రి రామచంద్రుడు ప్రసాదించుగాక!

శ్రీ సీతారామచంద్రార్పణమస్తు.