పటము చట్రపు మూలలు

ఇంటి గోడమీద పెద్దల పటము చూచువారి కన్ను ఆ ముఖముపై నిలువవలెను గాని, చట్రపు మూలలో విచ్చుకొన్న సందుపై కాదు. ఆ సందును లప్పముతో పూడ్చి రంగు వేయుట పలువురకు అలవాటు. కొన్నాళ్లకు లప్పము రాలును; బలములేని మూల ఊడినచో అద్దమును క్రిందపడును. కావున దోషము పుట్టినచోటనే దానిని దిద్దవలెను.

చట్రమునకు నాలుగు బద్దలు, ఎనిమిది కోతలు. ప్రతి కోతయు 45 డిగ్రీలుండవలెను. ఒక్కొక్క కోతలో అర డిగ్రీ తగ్గినచో కంటికి తెలియదు. కాని మూడు మూలలను బిగించి నాల్గవదానికి వచ్చుసరికి ఆ లోపములన్నియు కలిసి 4 డిగ్రీలగును. 40 మిల్లీమీటర్ల వెడల్పు బద్దకు అది దాదాపు 4 మిల్లీమీటర్ల సందు. తప్పు కడపటి మూలలో కనిపించినను, అది ఆ మూల ఒక్కదాని తప్పు కాదు.

అందుచేత గీతకు వెంట్రుకవాసి వెలుపలగా కోసి, మిగిలినది చిత్రికతో తీయవలెను. ఒక చదునైన పలకమీద, ప్రక్కన చిత్రిక నడచుటకు చోటు విడిచి, వేరొక పలకను బిగింపుడు. దానిపై, అంచుకు 45 డిగ్రీల వాలుగా ఒక దిమ్మెను నిలుపుడు. బద్దను ఆ దిమ్మెకు ఆనించి, చిత్రికను ప్రక్కవాటుగా పరుండబెట్టి, అంచు వెంట త్రోయవలెను. పిమ్మట రెండు కొనలను కలిపి మూలమట్టముతో పరీక్షింపవలెను.

ఎదురెదురు బద్దల పొడవులు సమానముగా లేకున్నచో, కోణము సరిగా ఉన్నను మూలలు కలియవు. జిగురు పూయకముందే నాలుగింటిని కూర్చి, త్రాడుతో బిగించి, మూలనుండి మూలకు రెండు కర్ణములను కొలువుడు. అవి సమానమైననే చట్రము చదరముగా నున్నట్లు.

కోసిన కొన జిగురును పీల్చుకొనును. ఒకసారి పలుచగా పూసి, కొంచెమాగి, మరల పూసి అతుకవలెను. ఆరిన తరువాత మూలకు అడ్డముగా రంపపు గాటు పెట్టి, అందు పలుచని కొయ్యబిళ్లను జిగురుతో దిగవేసినచో అతుకు గట్టిపడును.

చివరగా ఒక్క మాట. పచ్చికొయ్య ఆరునపుడు వెడల్పున ముడుచుకొనును. పొడవున దాదాపు ముడుచుకొనదు. అప్పుడు 45 డిగ్రీల కోత సన్నగిలి, మూల లోపలివైపు విచ్చుకొనును. బాగుగా ఆరిన టేకును ఎన్నుకొనుటతోనే మంచి మూల మొదలగును.