లాభం, రెండు, మూడు
(మా నాయనమ్మ స్మారకోపన్యాసం)

ఏటా నాయనమ్మ ఆబ్దికానికి ముందు ఈ గ్రంథాలయంలో ఒక ఉపన్యాసం పెట్టిస్తున్నారు మా బాబాయిలు. ఇదివరకు వచ్చినవాళ్లు కాలవల మీద, చౌడు నేలల మీద మాట్లాడారు. ఈసారి ఆవిడ గురించే చెప్పమని నన్ను నిలబెట్టారు. కరపత్రంలో 'ఆమె సేవలు' అని అచ్చయింది. నాయనమ్మ సేవలేమీ చెయ్యలేదు, చాకిరీ చేసింది. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి నేను ఆవిడ లెక్కల గురించి చెబుతాను.

ముందు వయసు. 1921లో బెజవాడలో కాంగ్రెసు సభలకు గాంధీగారొస్తే వాళ్ల నాన్న బండి కట్టించుకుని వెళ్లాడట. అప్పటికి తనింకా చంక దిగలేదట. ఇదొక్కటే ఆధారం. ఓటరు కార్డులో ఒక వయసు, రేషన్ కార్డులో ఒకటి, పింఛను కాగితంలో మరొకటి. అడిగితే "రాసేవాడికి ఎంత తోస్తే అంత" అనేది. 2016లో పోయినప్పుడు తొంభై ఆరని మేమే ఖాయం చేసుకున్నాం.

ఇంట్లో గింజ కొలిచే పని ఎవరికీ ఇచ్చేది కాదు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. తర్వాత పిల్లలకి ఘాతాంకాలు చెప్పేటప్పుడు నేను ఈ వరసే వాడుకున్నాను. సోలని నాలుగుసార్లు రెట్టిస్తే కుంచం, అంటే పదహారు సోలలు. కిలోల చట్టం 1956లోనే వచ్చింది గానీ మా గాదె దాకా రావడానికి దానికి చాలాకాలం పట్టింది.

కొలిచేటప్పుడు 'ఒకటి' అనేది కాదు, 'లాభం' అనేది. మీలో పెద్దవాళ్లకి ఇది తెలిసిందే. లాభం, రెండు, మూడు... ఆరు దాటాక 'ఏడు' అనడానికి నోరొచ్చేది కాదు. ఏడుపు మాట గింజల దగ్గర అనకూడదట. 'ఆరున్నొకటి' అని ఎనిమిదికి వెళ్లేది. నేను బళ్లో ఎక్కం అలాగే అప్పజెప్పి తొడపాశం పెట్టించుకున్నాను.

1977 నవంబరు 19, శనివారం. కార్తీకమాసం, చేలు కోతకొచ్చి ఉన్నాయి. నాకు ఎనిమిదేళ్లు. ఉప్పెన తాటిచెట్టెత్తున వచ్చిందంటారు మనవాళ్లు, కొలిచినవాళ్లు దాదాపు 5 మీటర్లన్నారు. చనిపోయినవాళ్లు సర్కారు లెక్కలో పదివేల దగ్గర, ఊళ్ల లెక్కలో ఇంకా చాలా ఎక్కువ. సొర్లగొంది వైపు ఇళ్లకి ఇళ్లే పోయాయి. ఇవన్నీ మీకు నేను చెప్పక్కర్లేదు. మా డాబా మీది సంగతి చెబుతాను.

ఏడుగురు పిల్లలం. పెద్దవాళ్లు చుట్టూ కూర్చుని మమ్మల్ని మధ్యలో కుక్కారు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి, ఆ గాలిలో పక్కమనిషి అరిచినా వినపడదు. నాయనమ్మ మాత్రం ఉండుండి ఒక్కొక్క తల మీదా చెయ్యి వేసేది. తడి అరచెయ్యి, వేళ్లకి పసుపు వాసన. చెయ్యి నా తల మీదికొచ్చినప్పుడు ఆవిడ నోరు నా చెవి దగ్గర ఉండేది కాబట్టి నాకు వినపడేది: "నాలుగు". నాది నాలుగో తల. ఎన్నిసార్లు లెక్కపెట్టిందో తెలీదు. ఒకసారి ఆ చెయ్యి ఆరో తల దగ్గర ఆగి, తడిమి, మళ్లీ మొదటికొచ్చింది.

మా చిన్నబాబాయి కొడుకు, మూడేళ్లవాడు. వాడి గురించి ఇంట్లో ఇప్పటికీ ఎవరం మాట్లాడం. ఇవాళ మాట్లాడినందుకు మా పిన్ని నన్ను క్షమించాలి.

నీళ్లు తీశాక కుంచం మూడు చేల అవతల బురదలో దొరికింది, ఒక పక్క లోపలికి సొట్టబోయి. బాగుచేయించుకోవచ్చు కదా అంటే వినలేదు. ఆ సొట్టకి ఎంత పోతుందో ఒకసారి నేను నీళ్లు పోసి చూశాను: దాదాపు ఒక గిద్దె. ఆవిడకి అది ముందే తెలుసు. ఎవరికి బదులిచ్చినా కొలత అయ్యాక పిడికెడు పైన వేసేది. ఎవరైనా తెచ్చి తీర్చినప్పుడు వెయ్యమనేది కాదు.

సాయంగా వచ్చిన బియ్యం ఆ కుంచంతోనే వాకిట్లో కొలిచింది. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆ తర్వాత "ఏడు" అంది. స్పష్టంగా. చుట్టూ ఉన్న ఆడవాళ్లు తలెత్తి చూశారు. ఇక అక్కణ్ణుంచి ఎప్పుడూ ఏడే.

మరో సంగతి చెప్పకపోతే మా అత్తలు ఊరుకోరు. కూతుళ్లకి సమాన వాటా అని 1985లో మన రాష్ట్రంలో చట్టం అమల్లోకొచ్చింది, కానీ అప్పటికే పెళ్లయిపోయినవాళ్లకి అది వర్తించలేదు. మా ఇద్దరత్తలదీ అదే కథ. పుట్టింటివాళ్లు తనకి పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఎకరం చేతిలో ఉంది కాబట్టి నాయనమ్మ చెరిసగం రాసేసింది. కొడుకులు రెండేళ్లు ముఖం ముడుచుకున్నారు. వాళ్లే ఇప్పుడు ముందు వరసలో కూర్చున్నారు, నవ్వుతున్నారు.

చివరి ఆర్నెల్లూ మనుషుల్ని పోల్చుకోలేదు. నన్ను మా పెద్దత్త అనుకునేది. మాత్రలు మాత్రం తన చేతిలో పోయాల్సిందే, లెక్కపెట్టుకుంటే తప్ప మింగేది కాదు. ఒక పొద్దున అరచేతిలో పోశాను. బొటనవేలితో ఒక్కొక్కటే పక్కకి జరిపింది. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు... కాసేపు ఆగి, చివరిదాన్ని కూడా జరిపి, "ఆరున్నొకటి" అంది.

నీళ్ల గ్లాసు అందించాను.