పిల్లల చేతికి కొడవలి ఎప్పుడు?



నా ఎడమ చూపుడు వ్రేలిపై మచ్చ ఉన్నది. ఎనిమిదవ యేట నాన్నగారి కొడవలి చూరులోనుండి దొంగతనముగా తీసినప్పటిది. అడిగితే ఇవ్వరని తెలిసియే తీసితిని.

కనుక పిల్లలు అడిగినప్పుడు కసరవద్దు. వయస్సుకంటె చేతిని, బుద్ధిని చూడండి. ఎడమచేత దుబ్బును గట్టిగా పట్టగలరా? పిలువగానే పని ఆపుదురా? రెండునూ ఉన్నచో సెలవునాడు మీ ప్రక్కన పచ్చగడ్డి కోతతో ప్రారంభించవలెను. మొద్దు కొడవలి ఇవ్వరాదు. బలముగా లాగినప్పుడు జారి చేతిని కోయును. 10, 16 సంవత్సరములకు వేయు ధనుర్వాతపు టీకా తప్పక వేయించండి. గడ్డి కత్తిరించు యంత్రము దరికి మాత్రము పిల్లలను రానీయరాదు.

పని ముగిసినపిమ్మట కొడవలిని చూరులో వారిచేతనే పెట్టించండి.