ముగ్గు గీసి చూద్దాం

ట్రాక్టర్ల మీద మాట్లాడమంటే హార్స్ పవర్ గురించో, డీజిల్ ఖర్చు గురించో చెబుతాననుకుంటారు. ఈ పూట నేను డ్రైవరు మెడ గురించి చెబుతాను.

రోటవేటర్ వేసేటప్పుడు మనవాణ్ణి గమనించారా? ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి హైడ్రాలిక్ లీవరు మీద, ఒళ్లు ముందుకు, మొహం వెనక్కి. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. మెడ పట్టినవాడు రివర్స్ గేరు వేసి సగమే తిరిగి చూస్తాడు. మిగతా సగం దేవుడి మీద వేస్తాడు.

పూర్తిగా తిరిగినా ఏం కనిపిస్తుందో లెక్క కడదాం. సీట్లో కూర్చున్నవాడి కన్ను నేలకు 2.2 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. ట్రాక్టరుకు తగిలించిన ట్రక్కు వెనక తలుపు పై అంచు 1.7 మీటర్ల ఎత్తున, కంటికి 5 మీటర్ల వెనక ఉంది. అంటే 5 మీటర్లు పోయేసరికి చూపు అర మీటరు దిగింది. అదే వాలున మీటరు ఎత్తుకు, అంటే నాలుగేళ్ల పిల్ల తల దాకా దిగాలంటే, తలుపు దాటి ఇంకో 7 మీటర్లు పోవాలి. ఇది ఖాళీ ట్రక్కు సంగతి. గడ్డి వేస్తే లెక్కే అక్కర్లేదు.

‘హెల్పర్ ఉంటాడుగా’ అంటారు. ఉంటాడు. ‘రానీ, రానీ’ అని అరుస్తుంటాడు, ఇక్కడ టేపులో పాట మోగుతుంటుంది. పైగా ఆ అబ్బాయి నిలబడేదెక్కడ? సరిగ్గా బండి వెనక్కొచ్చే దారిలోనే.

ఇక అద్దాలు. చాలా బళ్లకు అవి తుమ్మకొమ్మ తగిలి ఎప్పుడో ఊడిపోయి ఉంటాయి. ఉన్నవాటికీ ఒక తంటా. ట్రాక్టరు కంటే ట్రక్కు వెడల్పు. అద్దం ఆ అంచు దాటి బయటికి రాకపోతే అందులో కనిపించేది మన ట్రక్కు రేకే. అలాగని కమ్మీ మరీ పొడుగైతే ఇంజను అదురుకు బొమ్మ వణుకుతుంది. లావు గొట్టం, మడిచే వీలు, బిగింపు దగ్గర రబ్బరు వాషరు పెట్టించుకోండి. బల్లపరుపు అద్దం ఉన్నదున్నట్టే చూపిస్తుంది గాని కొద్ది మేరే. బడిలో కుంభాకార దర్పణం అని బట్టీపట్టామే, ఆ ఉబ్బు అద్దం బాగా వెడల్పు చూపిస్తుంది, కానీ దగ్గరికొచ్చిన బస్సును దూరంగా ఉందని నమ్మిస్తుంది. పెద్దది బల్లపరుపు, దాని కింద చిన్నది ఉబ్బుది. నా ఓటు దానికే.

అయితే ట్రక్కు మలుపు తిరిగిందా, లోపలి అద్దంలో రేకు, బయటి అద్దంలో పక్కవాడి పొలం! ట్రక్కు వెనక బిగించే కెమెరా అక్కరకొచ్చేది అక్కడే. ట్రాక్టరుకున్న 12 వోల్టుల బ్యాటరీతోనే నడిచేవి దొరుకుతాయి. నీళ్లు, దుమ్ము లోపలికి పోనిది, అదురుకు ఓర్చుకునేది అడగండి. ట్రక్కు ఇవాళ మనది, రేపు బావమరిది బండికి తగిలిస్తాం కదా, అందుకని వైరు ఊడదీసే ప్లగ్గుతో ఉండాలి. సాయంత్రప్పూట ఎండ సూటిగా లెన్సులో పడకుండా పైన చిన్న రేకు టోపీ ఉంటే మంచిది.

కెమెరా బొమ్మలో దూరం సరిగా అంతుపట్టదు. దానికి మందు మన చేతిలోనే ఉంది. ట్రక్కు వెనక మీటరుకొకటి చొప్పున మూడు ఇటుకలు పెట్టి, తెర మీద అవి కనిపించే చోట్ల టేపు ముక్కలు అంటించండి. ఖర్చు లేదు.

వరికోత మిషన్‌కైతే కెమెరా లేకుండా వెనక్కి తీయడమే నాకు భయం. డ్రైవరు వెనక గింజల ట్యాంకు గోడలా అడ్డం ఉంటుంది. ఆ వెనకే పరిగె ఏరుకునేవాళ్లు వంగి ఉంటారు. కోత రోజుల్లో పొట్టు కెమెరా కన్ను మూసేస్తుంది. టిఫిన్‌కు దిగినప్పుడల్లా తడిగుడ్డతో తుడవాల్సిందే.

ఏది కొనాలన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. హాలు బయట ట్రాక్టరు, ట్రక్కు పెట్టించాను. ఒకరు సీటెక్కండి. ఇంకొకరు మీటరు కర్ర నిలబెట్టి పట్టుకుని చుట్టూ నడవండి. కర్ర కొస ఎక్కడ కనబడిందో అక్కడ ముగ్గు చుక్క పెడదాం. చుక్కలు కలిపితే లోపల మిగిలేది డ్రైవరుకు కనిపించని చోటు. తరవాత అద్దాలు బిగించి ఒకసారి, కెమెరా పెట్టి ఒకసారి గీద్దాం. ముగ్గు చిప్ప ఆ తలుపు దగ్గరే ఉంది, ఎవరైనా అమ్మాయి తీసుకురండి. అబ్బాయిలకు చుక్కలు కలపడం రాదు.