ఇద్దత్ మూడు నెలలు, బ్యాంకు తొంభై రోజులు
(వార్షిక సమావేశంలో దాతల ముందు చేసిన ప్రసంగ పాఠం)



విడాకులైన మన ఆడబిడ్డలకు రంజాన్‌లో బియ్యం, బట్టలు, పిల్లల ఫీజులు ఇస్తున్నాం. అల్లాహ్ స్వీకరించుగాక. అయితే మనం పెద్దగా పట్టించుకోని భారం ఇంకొకటి ఉంది. అది ఇంటి అప్పు. ఈరోజు దాని గురించే నాలుగు మాటలు చెబుతాను.

భార్యాభర్తలు కలిసి సంతకం పెట్టి బ్యాంకులో ఇంటి అప్పు తీసుకుంటారు. కొన్నేళ్లకు తలాక్ అవుతుంది, లేదా ఖులా అవుతుంది. పెద్దల ముందు కాగితం రాసుకుంటారు. ‘ఇల్లు ఆమెకు, కిస్తీలు నేనే కడతాను’ అని అతను ఒప్పుకుంటాడు. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ కాగితంలో బ్యాంకు లేదు. బ్యాంకు దృష్టిలో ఇద్దరూ అప్పుదారులే. బాకీ మొత్తాన్ని ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకునే హక్కు దానికి ఉంటుంది. అతను కట్టడం మానేస్తే ఆమె సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది. రేపు కుట్టుమిషన్ కోసం చిన్న అప్పు అడిగినా దొరకడం కష్టం.

ఇప్పుడు రోజులు లెక్కపెట్టండి. విడాకులు పొందిన స్త్రీకి ఇద్దత్ సుమారు మూడు నెలలు. గర్భవతి అయితే ప్రసవం వరకు. ఆ కాలంలో చాలామంది పనికి వెళ్లరు. మనసు కూడా స్థిమితంగా ఉండదు. సరిగ్గా అప్పుడే బ్యాంకు గడియారం కూడా తిరుగుతూ ఉంటుంది. కిస్తీ 90 రోజులకు మించి బాకీ పడితే ఆ ఖాతాను మొండి బాకీగా రాస్తారు. ఆ తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇవ్వవచ్చు. అప్పటికీ కట్టకపోతే ఇంటిని స్వాధీనం చేసుకుని వేలం వేయవచ్చు. ఆమె ఇద్దత్ ముగించుకుని బయటికి వచ్చేసరికి ఇల్లు ఆ దారిలో పడి ఉంటుంది. కాబట్టి మన సాయం ఈ మూడు నెలల్లోనే చేరాలి.

ఆమె తరఫువాళ్లు మొదటి వారంలోనే చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. బ్యాంకు బ్రాంచికి వెళ్లి అప్పు ఖాతా స్టేట్‌మెంటు తీసుకోవాలి. అసలు ఎంత మిగిలింది, వడ్డీ శాతం ఎంత, ఎన్ని కిస్తీలు ఉన్నాయి, ఏ ఖాతాలోంచి డబ్బు కోత పడుతోంది అన్నవి చూడాలి. నోటీసులు అతని ఫోనుకే వెళ్తుంటే ఆమె నంబరు, చిరునామా కూడా రాయించాలి. కిస్తీ తప్పక ముందే మేనేజరుకు అర్జీ పెట్టుకుని, గడువు పెంచి కిస్తీ తగ్గించగలరేమో అడగాలి. తప్పాక అడగడం కన్నా తప్పకముందు అడిగినవారి మాటకు విలువ ఎక్కువ.

ఆమెకు రావలసింది అడగడం కూడా ముఖ్యమే. చెల్లించని మెహర్ భర్త మీద ఉన్న అప్పు. అది అతను పెట్టే దయాభిక్ష కాదు. పెళ్లిలో ఆమెకు ఇచ్చిన నగలు, వస్తువులు ఆమెవే. ఇద్దత్ కాలంలోనే ఆమె భవిష్యత్తుకు కూడా సరిపోయే న్యాయమైన ఏర్పాటు భర్త చేయాలని, 1986 చట్టాన్ని వివరిస్తూ సుప్రీంకోర్టు 2001లో దానియల్ లతీఫీ కేసులో చెప్పింది. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024 జూలై 10న ఇచ్చిన తీర్పులో, విడాకులు పొందిన ముస్లిం మహిళ అందరికీ వర్తించే భరణం చట్టం కింద కూడా కోర్టుకు వెళ్లవచ్చని స్పష్టం చేసింది. వచ్చిన మెహర్ డబ్బు చుట్టాల చేబదుళ్లకు పోకుండా ఇంటి అప్పుకు చేరితే అదే ఆమెకు మొదటి పునాది రాయి.

తర్వాత ఒక కష్టమైన ప్రశ్న ఉంది. ఇల్లు ఉంచుకోవాలా, అమ్మాలా? బియ్యం, ఫీజులు, మందులు పోను ఆమె సంపాదనలో కిస్తీ మిగలకపోతే, పట్టుదలకు పోకుండా తామే అమ్ముకోవడం మేలు. వేలంలో కన్నా చేతిమీద అమ్మితే సాధారణంగా మంచి ధర వస్తుంది. ఉంచుకోగలిగితే మాత్రం అతని వాటాను రిజిస్టరు దస్తావేజు ద్వారా ఆమె పేరుకు మార్పించాలి. అప్పులోంచి అతని పేరు తీయించాలి. రెండింటికీ బ్యాంకు ఒప్పుకోలు కావాలి. ఆమె ఒక్కదాని ఆదాయం సరిపోతుందా అని బ్యాంకు చూస్తుంది. సరిపోకపోతే తమ్ముడో, సంపాదించే కొడుకో అప్పులో చేరవలసి రావచ్చు.

ఇక దాతలుగా మన లెక్క. అసలు రూ.10 లక్షలు, వడ్డీ 9 శాతం, గడువు 15 ఏళ్లు అనుకుందాం. కిస్తీ సుమారు రూ.10,143. మొదటి నెల అందులో రూ.7,500 వడ్డీకే పోతుంది. అసలు తగ్గేది రూ.2,643 మాత్రమే. చాలామంది ‘ఎంత కట్టినా అప్పు తరగడం లేదు’ అనేది ఇందుకే. మూడు కిస్తీలంటే రూ.30,429. ఒక కుటుంబాన్ని ఆ 90 రోజులు దాటించడానికి కావలసింది ఇంతే.

ఇదే అప్పులో మొదట్లోనే ఒక లక్ష అసలుకు జమ చేసి, కిస్తీ మార్చకుండా గడువు తగ్గించమంటే, సుమారు 33 కిస్తీలు తగ్గుతాయి. వడ్డీలో రూ.2 లక్షల 30 వేలకు పైగా మిగులుతుంది. లక్ష లేకపోయినా, ఆమె నెలకు వెయ్యి రూపాయలు అదనంగా కట్టగలిగితే 30 కిస్తీలు తగ్గుతాయి. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పును ముందుగా తీరిస్తే బ్యాంకు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. అయితే ఉన్నదంతా అసలుకు కట్టేయకూడదు. మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకున్నాకే ముందస్తు చెల్లింపు.

వడ్డీ అప్పు ఎందుకు చేశారని కొందరు అడుగుతారు. మునిగేవాడిని ముందు ఒడ్డుకు చేర్చాలి, మందలింపు తర్వాత. ఆ అప్పు త్వరగా తీరితే ఆ వడ్డీ నుంచి ఆ కుటుంబం బయటపడుతుంది కదా! సూరా తౌబా 60వ ఆయతు చెప్పిన ఎనిమిది రకాల జకాత్ హక్కుదారుల్లో అప్పుల్లో చిక్కుకున్నవారు కూడా ఉన్నారు. ఏ కేసులో జకాత్ సొమ్ము వాడవచ్చు, ఏ కేసులో సదఖా వాడాలి అన్నది మన ఉలమాలను అడిగి నిర్ణయిద్దాం. తిరిగి కట్టగలిగే శక్తి ఉన్నవారికి ఖర్జె హసనా ఇద్దాం. అలా తిరిగి వచ్చిన సొమ్ము ఇంకో ఇంటికి ఉపయోగపడుతుంది.

నా విన్నపం మూడు మాటలు. ఆలస్యంగా కాక మొదటి మూడు నెలల్లోనే ఇవ్వండి. చేతికి కాక నేరుగా అప్పు ఖాతాకు జమచేసి రసీదు తీసుకోండి. ఆమె పేరు నలుగురిలో చెప్పకండి, ఫొటోలు తీయకండి. ఇల్లు నిలిస్తే ఆ పిల్లలు అదే బడికి, అదే వీధిలోంచి నడిచి వెళ్తారు. వాళ్ల నాన్న ఇల్లు వదిలి వెళ్లాడు సరే, గోడలు కూడా పోకుండా చూసే శక్తి మన జమాత్‌కు ఉంది.

అల్లాహ్ మన సంపాదనలో బర్కత్ ఇచ్చుగాక. ఆమీన్.