తప్పుడు వార్తకు సంజాయిషీ ఎవరివ్వాలి?



సర్వీసులో ఉండగా నోట్‌ఫైలులో ఒక్క అంకె తప్పు పడితే మనకు మెమో వచ్చేది. సంజాయిషీ ఇచ్చుకునేవాళ్ళం. పెన్షన్‌లో కోత పెడతారంటూ టీవీలో ఒక అబద్ధం చెబితే ఎన్నో ఇళ్ళలో పెద్దలకు నిద్ర ఉండదు. చెప్పినవారికి మాత్రం మెమో లేదు.

1978 చట్టం ప్రకారం ప్రెస్ కౌన్సిల్ పత్రికలను హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు, జరిమానా వేయలేదు. టీవీ దాని పరిధిలోకే రాదు. అయితే 2021 నిబంధనల ప్రకారం ఫిర్యాదుపై ఛానలు 15 రోజుల్లో నిర్ణయం తెలపాలి. తృప్తి కలగకపోతే పైకి అప్పీలుంది.

అర్జీ రాయడం మనకు వెన్నతో పెట్టిన విద్య. పత్రికైతే ముందు సంపాదకునికి, టీవీ అయితే ఛానలుకు రాయండి. తేదీ, వేళ, అన్న మాట స్పష్టంగా ఉండాలి. నకలు దాచుకోండి. అడిగేవాడుంటేనే చెప్పేవాడికి జాగ్రత్త.

సెలవు.