దుబాయిలో ఖాతా, దుబాయిలో అప్పు

నూలు ధర సంగతి, రిబేటు సంగతి ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. మన షోలాపూర్ ఇండ్లల్లో ఇప్పుడు మొగ్గం పక్కనే పాస్‌పోర్టు కూడా ఉంటున్నది గనుక మేము దుబాయి బ్యాంకు సంగతి చెబుతాం. మేము చదివింది ఎనిమిదో తరగతే. కాని బాకీల లెక్క చూడటం సంఘం నేర్పింది.

అక్కడికి పోయినవాళ్లందరికీ బ్యాంకు ఖాతా ఉంటుందనుకోవద్దు. చాలామంది కూలీలకు కంపెనీ జీతం కార్డు మాత్రమే ఇస్తుంది. దాంట్లో పైసలు పడతాయి, తీసుకుంటారు, అంతే. అసలు ఖాతా కావాలంటే పాస్‌పోర్టు, వీసా, ఎమిరేట్స్ ఐడీ, కంపెనీ ఇచ్చే జీతం కాగితం అడుగుతారు. చాలా బ్యాంకులు ఇంత జీతం ఉండాలె, ఖాతాలో ఇంత నిల్వ ఉండాలె అని కూడా పెడతాయి. నిల్వ తగ్గితే నెలనెలా కోత. అది ముందే అడగండి.

ఇక అప్పు. అక్కడి సెంట్రల్ బ్యాంకు 2011లో పెట్టిన రూలు ప్రకారం పర్సనల్ లోను జీతానికి 20 రెట్లు మించకూడదు, 48 నెలల్లో తీరాలె, కిస్తులన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు. జీతం 4,000 దిర్హాములైతే 80,000 దాకా ఇవ్వొచ్చు. వడ్డీ కలపకుండానే నెలకు 1,667. ఫ్లాటు రేటు 5 శాతమని చెబితే సంబరపడకండి, తగ్గే బాకీ మీద లెక్కేస్తే అది దాదాపు 9 అవుతుంది. పెండ్లి అనో, ఇల్లు అనో ఇక్కడినుంచి మనమే ఫోన్ చేసి లోను తీయమంటాం. కాని చాలామందికి వీసా రెండేండ్లే! అప్పు మాత్రం నాలుగేండ్లు.

లోను ఇచ్చేటప్పుడు సంతకం చేసిన చెక్కు తీసుకుంటారు. జీతం, ఉద్యోగం వదిలినప్పుడు వచ్చే సర్వీసు డబ్బు ఆ ఖాతాలోనే వేస్తామని కంపెనీతో రాయించుకుంటారు. అంటే ఉద్యోగం పోయిన రోజు ఆ డబ్బును బ్యాంకు ముందు తన బాకీకి పట్టుకుంటుంది. ఇంటికి టికెట్ పైసలకు కూడా ఇబ్బంది పడాలె.

విమానమెక్కి వచ్చేస్తే అప్పు పోయినట్టే అని ఊర్లో చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మాట నమ్మొద్దు. 2020 జనవరిలో మన కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. అక్కడి కోర్టు ఇచ్చిన డిక్రీని ఇక్కడి జిల్లా కోర్టులో అమలు చేయించుకోవచ్చు. పేరు మీదున్న ఇల్లు, జాగా మీదికి రావచ్చు. మొగ్గం మీద బతికి కట్టిన ఇల్లది. చెక్కు బౌన్సు 2022 నుంచి చాలావరకు క్రిమినల్ కేసు కాకపోయినా, ఆ చెక్కుతోనే వాళ్లు నేరుగా వసూలుకు పోవచ్చు.

ఇక్కడి పాత సేవింగ్స్ ఖాతాను బ్యాంకుకు చెప్పి ఎన్‌ఆర్‌ఓ చేయించాలె. అక్కడి సంపాదన దాచుకోవడానికి ఎన్‌ఆర్‌ఈ తెరవాలె, దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఎన్‌ఆర్‌ఓ వడ్డీలో 30 శాతం టీడీఎస్ ముందే కోస్తారు, ఇది చాలామందికి తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు క్రెడిట్ కార్డు మూయించి, బాకీ లేదని బ్యాంకు లెటరు, ఇచ్చిన చెక్కు వాపసు తీసుకోండి. లోను కాగితం నకలు ఒకటి తల్లిదండ్రుల దగ్గర పెట్టి పోండి. చదవడం రాకపోతే సంఘానికి తెండి, మధ్యాహ్నం మూడు తర్వాత మేము ఉంటాం.